కర్సియాంగ్‌కి లేచిపోదామని

ప్రేమ్ బజార్

యాభై రెండేళ్ళ ఆడమనిషి లేచిపోయేటప్పుడు ఏమేం సర్దుకోవాలో చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. నేను రెండు నేత చీరలు, ఒక పట్టుచీర, థైరాయిడ్ మాత్రలు, మోకాళ్ళకి రాసుకునే తైలం, డబ్బాడు మరమరాల ఉండలు పెట్టుకున్నాను. పట్టుచీర అడుగున పెట్టి పైన దుప్పటి కప్పాను. మా అబ్బాయి గణేష్ సంచీ కేసి చూసి, "ఏటమ్మా, దుప్పటి కూడానా? విజీనారంలో పిన్నీవాళ్ళింట్లో దుప్పట్లు లేవేటి?" అన్నాడు.

విజయనగరం వెళ్తున్నానని చెప్పాను మరి. స్టేషన్ దాకా దింపుతానంటే, ఎండన పడి ఎందుకులేరా అని రిక్షా ఎక్కేశాను. వాడికి ఇరవైయేడేళ్ళు. అప్పటిదాకా వాడితో అబద్ధం చెప్పిన గుర్తు లేదు. రిక్షా మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

మాది బెంగాల్లో ఖరగ్‌పూర్. ప్రేమ్ బజార్‌లో కాలేజీ గేటు ఎదురుగా స్టేషనరీ కొట్టు. నోటుపుస్తకాలు, పెన్నులు, జిరాక్సు. మా ఆయన పోయి పదకొండేళ్ళు. తెలుగు వారపత్రికలు విజయనగరం నుంచి మా చెల్లెలు ఎవరో ఒకరి చేతికిచ్చి పంపేది, వాటికోసం వచ్చేవారు ఆనందరావు గారు. గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషి. మా ఊళ్ళోనే తాల్‌బగీచాలో కూతురు రూబీ దగ్గర ఉంటారు. భార్య పోయి ఆరేళ్ళు. పత్రిక తీసుకెళ్ళి మూడోరోజుకి తిరిగిచ్చేవారు. బావున్న కథ పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టేవారు. మొదట్లో నాకు ఒళ్ళు మండింది, తన సొత్తయినట్టు ఆ గీతలేమిటని. కొన్నాళ్ళకి, ఆయన చదివి ఇచ్చేదాకా నేను పత్రిక విప్పడం మానేశాను. ఆ తర్వాత, టిక్కు లేని కథ ఎందుకు నచ్చలేదో అడగాలనిపించింది. అడిగాను. అలా మొదలైంది.

కిందటేడాది ఇద్దరం ధైర్యం చేసి ఇంట్లో చెప్పాం. రూబీ లోపలికి వెళ్ళి బీరువా తలుపు తీసి, వాళ్ళమ్మ చీరలు చూపించిందట. గణేష్ అయితే, "నీకేటి తక్కువ సేసినానమ్మా?" అన్నాడు. మళ్ళీ తనే, "అలాగైతే నాకు అమ్మ లేదనుకుంటాను" అన్నాడు. ఇక ఆ మాట ఎత్తలేదు.

ఈ సెప్టెంబరులో ఒకరోజు ఆనందరావు గారు పత్రిక తిరిగిచ్చి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "సత్యవతి గారూ, లేచిపోదామేటి?" అన్నారు. జిరాక్సుకి నిలబడ్డ పిల్లలందరూ తలెత్తి చూసేంత గట్టిగా నవ్వాను. ఆయన నవ్వలేదు.

"గార్డుకి ఊళ్ళన్నీ ఎనక్కే పోతాయండి," అన్నారు. "ముప్పైనాలుగేళ్ళు ఆకరి పెట్లో కూకుని, ఒదిలొచ్చినవే సూసినాను. ఒక్కపాలి కొండెక్కే బండిలో ముందు పెట్లో కూకోవాలనుంది. పక్కన మీరుండాలనుంది."

అలా కర్సియాంగ్ ఖాయమైంది. డార్జిలింగ్ దారిలో కొండమీద చిన్న ఊరు. చిన్న రైలు ఊరి నడివీధిలోంచే పోతుంది. సంతకాల పెళ్ళికైతే నెల్లాళ్ళ ముందు ఆఫీసు బోర్డుమీద కాగితం అంటిస్తారు, అది ఇద్దరిళ్ళకీ తెలిసిపోతుంది. గుళ్ళో అంటే ఆయన క్రైస్తవులు. చర్చిలో అంటే నేను బాప్తిస్మం తీసుకోలేదు. ముందు కొండమీద దండలు మార్చుకుని, తిరిగొచ్చాక ఆ కాగితమేదో పెట్టుకుందామనుకున్నాం. ఒకే బండి ఎక్కితే మాత్రం, ఆయన్ని ఎరగని వాళ్ళు ఖరగ్‌పూర్ స్టేషన్లో లేరు. అందుకని నేను ముందు వెళ్ళి అన్నీ చూసి పెట్టడం, ఆయన రెండు రోజుల తర్వాత చిన్న రైల్లో రావడం. పక్కన కూచునే ముచ్చట తిరుగుప్రయాణానికి వాయిదా వేసుకున్నాం.

సిలిగురి దారిలో

హౌరాలో ఎక్కిన బండిలో నా ఎదురుగా ఒక బెంగాలీ పెద్దావిడ. తెల్లారి లేచేసరికి కిటికీ బయట పొలాలు, ఆవిడ చేతిలో స్టీలు డబ్బా. లక్ష్మీపూజకి చేసిన కొబ్బరుండలట, నారకేల్ నాడు. మన కొబ్బరి లౌజులాంటిదే గాని బెల్లం పాకం ముదరదు, నోట్లో పెట్టుకుంటే విడిపోతుంది. నేను మరమరాల ఉండలు ఇచ్చాను. ఆవిడ పళ్ళకి భయపడి చేతిలోనే పట్టుకు కూచుంది.

"ఒక్కదానివే ఎక్కడికి, దీదీ?"

"పెళ్ళికండీ."

"ఎవరిది?"

"బాగా కావలసినవాళ్ళదే."

"పెళ్ళికూతురు ఏం చదువుకుంది?"

"పదో తరగతి," అన్నాను. ఆవిడ పాపం అన్నట్టు తలూపి, ఈకాలంలో అంత తక్కువ చదివిన పిల్లకి సంబంధం ఎలా కుదిరిందని ఆశ్చర్యపోయింది. పెళ్ళికొడుకు గురించి అడిగితే, రైల్వేలో చేశారని చెప్పబోయి, చేస్తున్నాడన్నాను. "గవర్నమెంటు ఉద్యోగమే అదృష్టం," అంది. ఆవిడ దిగేదాకా కిటికీలోకి చూస్తూ నవ్వుకుంటూనే ఉన్నాను. ఎదుటి సీట్లో ఆనందరావు గారు ఉండి, ఇది విని, ముక్కుమీద కళ్ళజోడు సర్దుకుంటే ఎలా ఉండేదో అనుకోగానే నవ్వు ఆగిపోయింది. అక్కణ్ణించి ప్రయాణమంతా నాకదే తంతు. మంచిది ఏది కనపడినా, చూపించడానికి పక్కన మనిషి లేరు.

రోహిణి రోడ్డు

సిలిగురి నుంచి కొండమీదికి జీపులు. పదిమందిని ఎక్కిస్తారు. కింద టీ తోటలు, కత్తెరతో కత్తిరించినంత సమంగా. మూడో మలుపు దగ్గర మొదలైంది నాకు తిప్పడం. అయిదో మలుపు దగ్గర జీపు ఆపించి, రోడ్డుపక్క రాయి పట్టుకుని, అంత దూరం నుంచి తెచ్చుకున్నదంతా కొండకి సమర్పించాను. జీపులో ఒక్కరు కూడా విసుక్కోలేదు. పక్కనున్న నేపాలీ పెద్దాయన నా చేతిలో తెల్లటి చిన్న బిళ్ళ పెట్టి, నోట్లో వేసుకోమన్నాడు. పటికబెల్లం అనుకుని కొరికాను. పన్ను జిల్లుమంది. అది చుర్పీ, పాలవిరుగుడు ఎండబెట్టి చేసిన రాయిలాంటి ముక్క. కొరకకూడదు, బుగ్గన పెట్టుకోవాలి. కర్సియాంగ్ వచ్చింది, జీపు దిగాను, సంచీ భుజాన వేసుకున్నాను, అది ఇంకా కరగలేదు.

మాయా దీదీ ఇల్లు

నేను దిగింది స్టేషన్‌కి కింద, మెట్లదారిలో, మాయా దీదీ ఇంట్లో. ముందుగది, మేడమీద మరో గదీ వచ్చేపోయేవాళ్ళకి అద్దెకిస్తుంది. నలభై దాటిన మనిషి, చెంపలు ఎర్రగా, నవ్వితే కళ్ళు కనపడవు. ఆ ఊళ్ళో డొక్కు నూనె డబ్బాని కూడా పారెయ్యరు, అందులో పూలమొక్క ఉంటుంది. మెట్లన్నీ పూలే. ఖరగ్‌పూర్‌లో మేముండే న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో అయితే మొక్క కంటే ముందు కంచె వేస్తారు.

మధ్యాహ్నం అన్నంలో గుంద్రుక్ అనే పులుసు పోసింది. ఆకుకూరని పులియబెట్టి ఎండబెట్టి చేస్తారట. ఒక్క గుక్కకి మా అమ్మ చేసిన ఎండు గోంగూర గుర్తొచ్చి ఇంకో గిన్నె పోయించుకున్నాను. పక్కన రేగుపండంత ఎర్రటి మిరపకాయ పెట్టింది. "జాగ్రత్త, దీదీ," అంది. ఆంధ్రావాళ్ళకి చెప్తావా అని కొరికాను. మిగతా అన్నం కళ్ళనీళ్ళతో తిన్నాను. మోమోలు మాత్రం బజార్లో ప్లేటు అరవై రూపాయలు, మా ప్రేమ్ బజార్‌లో పిల్లలు తినే మోమోలకీ వీటికీ పేరొక్కటే కలిసింది.

ఎందుకొచ్చానో మొదటిరోజే చెప్పేశాను. మంచంమీద పరిచిన పట్టుచీర చూసి ఆవిడే అడిగింది, దాచలేకపోయాను. మాయా దీదీ చేతిలోని చేట కింద పెట్టి నా పక్కన కూచుంది.

"నేనూ లేచిపోయినదాన్నే," అంది. పందొమ్మిదో ఏట, జీపు డ్రైవరుతో. వాళ్ళలో అదీ ఒక పెళ్ళి పద్ధతేనట, దానికీ మర్యాదలున్నాయట. పిల్లని తీసుకుపోయాక మూడు రోజుల్లోగా పిల్లవాడి తరఫు పెద్దలు అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళి, మీ అమ్మాయి మా ఇంట్లో ఉంది, వెతకొద్దు, బెంగపడొద్దు అని చెప్పాలి. దాన్ని చోర్‌కో సోర్ అంటారట, అంటే దొంగ పంపిన కబురు. ఆ కబురు పట్టుకెళ్ళినవాళ్ళని తిట్టినా కొట్టినా పడాల్సిందే. వాళ్ళ నాన్న కబురు తెచ్చినవాళ్ళమీద వేడినీళ్ళు పోశాడట. మరి కొన్నేళ్ళకి ఆ నాన్నే మనవరాలిని భుజాన మోశాడట.

మా వైపు లేచిపోయిన పిల్ల ఉంటే ఆ పిల్ల పేరే ఎత్తరు. కబురు తెచ్చేవాళ్ళు లేరు, తిట్టేవాళ్ళూ లేరు.

"మీ ఇంటికి కబురు ఎవరు పట్టుకెళ్తారు, దీదీ?" అని అడిగింది మాయా.

"మా అమ్మానాన్నా ఎప్పుడో పోయారు. నాకు కొడుకొక్కడే."

"అయితే మీ అబ్బాయికే పంపాలి," అంది, అదేమంత పెద్ద విషయం కానట్టు.

ధూపీ చెట్ల కింద

రెండోరోజు దండలు మార్చుకునే చోటు వెతకడానికి మాయా, నేనూ పైకి వెళ్ళాం, డౌ హిల్ వైపు. ఆ చెట్లని ధూపీ అంటారు. సర్వీ చెట్లలా నిటారుగా ఉంటాయి, అయితే పదింతల పొడుగు. మనం నడుస్తుండగానే మబ్బు చెట్లమధ్యకి వచ్చి మనల్ని దాటుకుపోతుంది. నా చీరకొంగు తడిసింది, వాన పడలేదు. ఒకచోట చెట్లు పలచబడి పచ్చిక ఉంది, కింద లోయ, లోయలో ఎక్కడో చిన్న రైలు కూత. ఇక్కడే అన్నాను. మాయా ఒకచోట నన్ను నిలబెట్టి, ఇంకోచోట తను నిలబడి, "నేను మీ ఆయన్ని. ఎలా ఉన్నాను?" అంది.

"ఇంకాస్త పొడుగు," అన్నాను. "కొంచెం ముందుకి వంగి ఉంటారు. ఎవరైనా మాట్లాడుతుంటే చెవి ఇటు పెడతారు. గార్డు పెట్లో చప్పుడికి ఆ చెవి మందగించింది."

చెప్తూ చెప్తూ లోయ వైపు తిరిగాను. ఆయన నాకు పన్నెండు గంటల దూరంలో తాల్‌బగీచాలో ఉన్నారు, బహుశా ఆ వేళకి ఎండలో బట్టలు ఆరేస్తున్నారు. పదకొండేళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు ఏ మనిషి కోసమూ ఇలా బెంగపడలేదు. మూడురోజుల ఎడబాటుకి బెంగపడ్డాను.

తిరిగొస్తుంటే ఒక పెరట్లో ఊదారంగు పూలు గుత్తులుగా కనపడ్డాయి. బొగడబంతి! చిన్నప్పుడు జడలో పెట్టుకుంటే వారమైనా వాడని పువ్వు. ఖరగ్‌పూర్ వచ్చాక మళ్ళీ చూడలేదు. "దండలు వీటితోనే కట్టించాలి," అన్నాను. మాయా పొట్ట పట్టుకుని నవ్వింది.

"దీపావళికి అక్కచెల్లెళ్ళు అన్నదమ్ముల మెడలో వేసే దండ అది! దాన్ని వేసి పెళ్ళాడితే ఆయన మీకు అన్నయ్య అయిపోతాడు."

"అన్నయ్యకెందుకు ఆ పువ్వే?"

"వాడదు కాబట్టి. అన్న ఆయుష్షు కూడా అలాగే ఉండాలని."

"మరి నాకూ కావలసింది అదే," అన్నాను. ఆవిడ నవ్వు ఆపి నా వైపు చూసి, ఆ ఇంటావిణ్ణి పిలిచి రెండు దండలకి చెప్పింది.

ఆ సాయంత్రం నుంచి వాన పట్టుకుంది. ఈ నెలలో ఇంత వాన రాదు అని అందరూ అన్నారు.

వాన వెలిసిన రోజు

మూడోరోజు పొద్దున్నే ఆనందరావు గారి ఫోను. "సిన్న బండెక్కినాను. ముందు పెట్టే!" గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. నేను తలంటు పోసుకున్నాను. మాయా సెల్ రోటీలకి పిండి కలిపింది. బియ్యప్పిండితో చేసే తియ్యటి పెద్ద గాజులాంటి పిండివంట అది. వాన పూర్తిగా వెలిసింది. మెట్లమీద పూలన్నీ కడిగినట్టున్నాయి.

మధ్యాహ్నం కావస్తుండగా మళ్ళీ మోగింది.

"సత్యవతి గారూ. బండి తిన్‌ధారియాలో ఆగిపోనాది. ముందర కొండ జారి లైనుమీద పడ్డాదంట, రోడ్డుమీద కూడాను. కాసేపట్లో బండిని ఎనక్కి తీసుకుపోతారంట."

"పోనీండి. కిందకెళ్ళి రేపు రోహిణి రోడ్డున జీపులో రండి."

ఫోన్లో ఇంజను చప్పుడే వినపడింది.

"ఏటండీ?"

"రూబీకి తెలిసిపోనాది. పొద్దున్నుంచి ఏడుస్తంది. అమ్మని మర్సిపోనావా నాన్నా అంటంది. నాకు... ఏటి సెయ్యాలో తోస్తలేదండి. ఈ బండి కిందకి పోతాది. సిలిగురీలో మన ఊరి వైపు బండుంది."

అబద్ధం ఆడటం చేతకాని మనిషి. కిందకి పోతే ఆ బండి ఎక్కేస్తానేమోనని భయపడి ముందే నాకు చెప్తున్నారు. నాకు కోపం రాలేదు. గోడకి ఆనుకున్నాను. గణేష్ ఏడుస్తూ ఫోన్ చేసి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలుసు.

"మీరు బండి దిగిపోండి," అన్నాను. "కిందకి పోవద్దు. నాను వస్తన్నాను."

"ఎలగొస్తారు? రోడ్డు లేదంటంటే!"

"ఎంతవరకుంటే అంతవరకొస్తాను. మీరెల్లిపోవాలంటే నన్ను సూసి ఎల్లిపోండి."

రోడ్డు తెగిన చోట

మాయా భర్త జీపులో బయల్దేరాం. మాయా కూడా వచ్చింది. గయాబాడీ దాటాక రోడ్డు ఉన్నట్టుండి లేదు. ఎర్రమట్టి, బండలు, వేళ్ళతో సహా చెట్లు పైనుంచి కిందిదాకా జారి పడి ఉన్నాయి. చిన్న రైలు పట్టాలు ఒకచోట గాల్లో వేలాడుతున్నాయి. అవతలి అంచు మా వీధి అంత దూరం కూడా లేదు. అక్కడ పదిపదిహేనుమంది నిలబడి ఉన్నారు. వాళ్ళలో కొంచెం ముందుకి వంగి, మఫ్లరు చుట్టుకుని, ఒక చేత్తో సంచీ పట్టుకున్న మనిషి.

చెయ్యి ఊపాను. ఆయన చూడలేదు. ఫోన్ చేశాను. అవతల మనిషి జేబు తడుముకోవడం కనపడింది.

"ఇటు సూడండి. ఆకుపచ్చ చీర."

తలెత్తారు. మధ్యలో మట్టి తీసే యంత్రం మోగుతూనే ఉంది.

"వొచ్చీసినారేటి," అన్నారు. "నాను రానా అటు?"

"మీ మోకాలి నొప్పికి మీరు రాలేరు. ఉండండి అక్కడ."

బండలమీద అప్పుడే కాలిబాట లాంటిది చేస్తున్నారు. వెదురుబుట్టలతో మట్టి మోసే ఆడవాళ్ళు దానిమీద అటూ ఇటూ తిరుగుతున్నారు. యంత్రం ఆపి పదినిమిషాలు నడిచేవాళ్ళని వదులుతామన్నాడు అక్కడి మేస్త్రీ. మాయా నా చేతిలో గుడ్డసంచీ పెట్టింది. లోపల బొగడబంతి దండలు, ఆకులో చుట్టిన సెల్ రోటీలు, నా మోకాళ్ళ తైలం సీసా. నా పట్టుచీర గదిలోనే ఉండిపోయింది. "వెళ్ళండి, దీదీ," అని మాయా వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

బుట్టలు మోసే ఒకామె వచ్చి నా మణికట్టు పట్టుకుంది. అరచెయ్యి రాయిలా ఉంది. "తల నహేర్నుస్," అంది. కిందకి చూడొద్దని. చూశాను. కింద ఏమీ లేదు, మబ్బు తప్ప. మూడో అడుగులో నా కుడికాలి చెప్పు మట్టిలో దిగబడి ఊడొచ్చింది, ఒక రాయిమీద పడి, ఇంకో రాయిమీద పడి, మబ్బులోకి వెళ్ళిపోయింది. రెండోది నేనే తీసి పారేశాను. చల్లటి బురద వేళ్ళసందుల్లోంచి పైకొచ్చింది. ఒకచోట బండ కదిలింది, ఆమె నన్ను గుంజి పక్క బండమీదికి లాగింది. ఆ నడిమధ్యన నాకు దేవుడు గుర్తు రాలేదు, నిజం చెప్తున్నాను, గణేష్ గుర్తొచ్చాడు. వాడికి చెప్పకుండా చచ్చిపోకూడదనుకున్నాను.

అవతలి అంచుకి చేరగానే ఆనందరావు గారు రెండు చేతులూ చాపారు. పదేళ్ళ పరిచయంలో మొదటిసారి ఆయన నా చేతులు పట్టుకోవడం.

తిన్‌ధారియా

తిన్‌ధారియాలో చిన్న రైలుకి వర్క్‌షాపు ఉంది. దాని చుట్టూ రైల్వే క్వార్టర్లు, వాకిట్లో తీగమీద నీలం యూనిఫాములు, డ్యూటీ దిగి ఎవరో సైకిలు తోసుకుంటూ ఎక్కుతున్నారు. మా ఊరినే తీసుకొచ్చి కొండమీద చిన్నది చేసి పెట్టినట్టుంది. స్టేషన్ పక్కన ఒక ముసలమ్మ టీకొట్టు వరండాలో కూచున్నాం.

"బండి కిందకెళ్ళిపోనాది," అన్నారాయన.

"మీరెందుకు ఎక్కలేదు?"

"మీరు వస్తన్నారు కదా." టీ గ్లాసు పక్కన పెట్టి, "రూబీ తప్పేటీ లేదండి. వాళ్ళమ్మని నానూ మరవలేదు. మరవను కూడాను. అది మీకు సెప్పకుండా దండ వేసీలేను."

"నానూ మరవలేదు మా ఆయన్ని," అన్నాను. "మరవమని మిమ్మల్నెవరు అడిగినారు?"

ఆయన సంచీలోంచి చిన్న పొట్లం తీశారు. విప్పితే వెండి మెట్టెలు. "మీలో ఇయ్యే కదా ముఖ్యం. సైజు తెలీక అందాజుగా తెచ్చినాను." ఆయనెప్పుడూ ఎవరికీ మెట్టెలు కొని ఉండరు. టీకొట్టు ముసలమ్మని చెంబుడు నీళ్ళు అడిగారు. నేను వద్దనేలోపు ఆ మోకాలితోనే, గోడ పట్టుకుని, మెల్లిగా కింద కూచున్నారు. నా పాదం తీసి ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పోసి బురద కడగడం మొదలుపెట్టారు.

"వొద్దండీ, లేవండి, అందరూ సూస్తన్నారు."

"సూడనీండి."

వేళ్ళసందుల్లో మట్టి కూడా తీశారు. మెట్టె ఒకటి వదులు, ఒకటి బిగువు. బిగువుదాన్ని తైలం రాసి ఎక్కించారు, నా మోకాళ్ళ తైలం. నేను ఏడుస్తున్నానని నా ఒళ్ళో చీర తడిస్తే తెలిసింది. తర్వాత దండలు. వాటిని చూసి టీకొట్టు ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన కళ్ళు మూసుకుని తెలుగులో రెండు మాటల ప్రార్థన చేశారు. నేను మా పైడితల్లి అమ్మవారిని తల్చుకున్నాను. వర్క్‌షాపు నుంచి వచ్చిన నలుగురు, ముసలమ్మ, ఆమె మేకా మా సాక్షులు. సెల్ రోటీలు అందరికీ పంచాం.

రూబీకి ఆయన ఫోన్ చేసి, "అయిపోనాదమ్మా. నాను సంతోషంగా ఉన్నాను," అన్నారు. అటునుంచి "చలేసే చోటుకి ఒక్క స్వెటరు కూడా పట్టుకెళ్ళలేదు నువ్వు," అని ఏడుపు గొంతు.

గణేష్ నా ఫోన్ ఎత్తలేదు. కబురు పట్టుకెళ్ళేవాళ్ళు నాకు లేరు. మాటలు రికార్డు చేసి పంపాను. "నాన్నా, నాను విజీనారం ఎల్లలేదు. నీతో అబద్ధమాడినాను, అదొక్కటీ నా తప్పు. నన్ను ఎతకొద్దు, బెంగెట్టుకోవద్దు. వచ్చీవారం వస్తాను. తిట్టాలంటే తిట్టు, పడతాను." విన్నట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

కిందికి

వర్క్‌షాపు ఫిట్టరొకాయన ఇంట్లో రెండ్రోజులున్నాం. లైను బాగవలేదు. కర్సియాంగ్‌లో నేను చూసి పెట్టిన పచ్చిక, ధూపీ చెట్లు, మబ్బు, వేటినీ ఆయన చూడలేదు. పొద్దున్నే వరండాలో కూచుని పైకి చూస్తూ అడిగేవారు, "అక్కడ ఎలగుంటాది?" అని. చెప్పేదాన్ని. చెవి ఇటు పెట్టి వినేవారు. ఇంకోసారి చెప్పమనేవారు. పక్కనే కూచున్నారు, అయినా ఆ పచ్చికమీద ఆయన లేని లోటు నాకలాగే ఉంది. ఇప్పటికీ ఉంది. నా పట్టుచీరని మాయా పార్సెల్లో పంపింది, మడతలో నాలుగు బొగడబంతి పూలు పెట్టి.

తిరిగొచ్చాక మిద్నాపూర్ రిజిస్ట్రారాఫీసులో కాగితం పెట్టాం. నెల్లాళ్ళూ బోర్డుమీద ఉంది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, సంతకాలు అయిపోయాయి. న్యూ సెటిల్‌మెంట్ గుడి దగ్గర కొందరు నన్ను చూసి పక్కకి తప్పుకుంటారు, కొందరు ఆగి మెట్టెల కేసి చూస్తారు. తాల్‌బగీచాలోనే రూబీ ఇంటికి నాలుగు వీధుల అవతల రెండు గదులు తీసుకున్నాం. ఆదివారాలు ఆ అమ్మాయి వచ్చి వాళ్ళ నాన్నతో వరండాలో కూచుంటుంది. లోపలికి ఇంకా రాలేదు.

గణేష్ తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను రోజూ కొట్టుకి వెళ్తాను, వాడూ నేనూ పక్కపక్కన పనిచేస్తాం. "ఏ ఫోర్ కాగితం అయిపోనాది", "బ్లూ పెన్నులు తెప్పించాలి", అంతే. మధ్యాహ్నం వాడికి అన్నం పట్టుకెళ్తాను. తింటాడు. గిన్నె కడిగి పెడతాడు. నా మొహంలోకి చూడడు.

కిందటి వారం సాయంత్రం చినుకులు మొదలైతే, ఆనందరావు గారు నాకోసం గొడుగు పట్టుకుని కొట్టు దాకా వచ్చారు. గుమ్మంలోకి రాకుండా చూరుకింద, సగం తడుస్తూ నిలబడ్డారు. కొట్టునిండా ప్రాజెక్టు కాగితాలతో పిల్లలు. రోజూ వచ్చే కుర్రాడొకడు బయటికి చూసి బెంగాలీలో అడిగాడు, "ఉని కే, దాదా?" ఆయనెవరు అని.

నా చేతిలో లెక్కపెడుతున్న కాగితాలు ఆగిపోయాయి. గణేష్ జిరాక్సు మిషనుమీదికి వంగి ఉన్నాడు. పచ్చటి వెలుతురు వాడి మొహంమీంచి ఒకసారి వెళ్ళింది, ఇంకోసారి వెళ్ళింది.

"బాడీర్ లోక్," అన్నాడు. మా ఇంటి మనిషి అని.

అని, తలెత్తకుండానే, ఇంకో కాగితం పెట్టాడు.